సెప్టెంబర్ 30 మీకు సెలవా? మూడు చట్టాలు, ఒక బిల్లు, చాలా తికమక

ఏటా సెప్టెంబర్ చివరి వారం వచ్చిందంటే కెనడాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ముప్పయ్యో తారీఖు స్టాట్ హాలిడేనా (చట్టబద్ధమైన సెలవేనా)?" బ్యాంకులో పనిచేసే ఆయన అవునంటాడు. ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఆయన పక్కవీధిలోనే ఉంటూ గోడౌన్‌లో షిఫ్టు చేసే ఇంకొకాయన "మాకు లేదే" అంటాడు. వాంకూవర్ నుంచి ఎవరో "మాకు పనిచేస్తే డబుల్ పే" అని తగిలిస్తారు. మొదటి ఇద్దరు చెప్పిందీ నిజమే. మూడోది సగం నిజం. ఈ గందరగోళం ఎవరి నిర్లక్ష్యం వల్లా వచ్చింది కాదు, ఆ సెలవును పుట్టించిన బిల్లు రాసిన తీరులోనే ఉంది.

ముందు రోజుల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మూలవాసుల పేరిట కెనడాలో రెండు రోజులున్నాయి, చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటారు.

మొదటిది జూన్ 21. ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజుల్లో అది. ఫస్ట్ నేషన్స్, ఇన్యుయిట్, మేటీ ప్రజల సంస్కృతిని, వాళ్ళు ఇప్పటికీ సజీవంగా ఉన్నారన్న విషయాన్ని పండుగలా జరుపుకునే రోజు. 1996లో అప్పటి గవర్నర్ జనరల్ రోమియో లెబ్లాంక్ ప్రకటనతో ఇది దేశవ్యాప్త దినమైంది. ప్రకటన అన్న మాట గమనించండి. ప్రకటన వల్ల ఒక రోజుకు పేరొస్తుంది గానీ ఎవరి జీతం లెక్కా మారదు. అందుకే జూన్ 21న ఒట్టావాలో డప్పులు మోగుతాయి, ఆఫీసులు మాత్రం తెరిచే ఉంటాయి. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ 2001 నుంచి, యూకాన్ 2017 నుంచి సొంత చట్టాలతో ఆ రోజును సెలవు చేసుకున్నాయి.

రెండోది సెప్టెంబర్ 30, సత్యం, సయోధ్యల జాతీయ దినం. ఇది పండుగ కాదు, సంతాపం. మూలవాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి, వాళ్ళ భాష నోట రాకుండా పెంచిన రెసిడెన్షియల్ బడుల జ్ఞాపకం. 19వ శతాబ్దంలో మొదలై 1990ల దాకా నడిచిన ఆ బడుల్లోకి దాదాపు 1,50,000 మంది పిల్లల్ని పంపారు. ఆ రోజున బడి పిల్లలు వేసుకునే నారింజ రంగు చొక్కా వెనక ఫిలిస్ వెబ్‌స్టాడ్ ఉన్నారు. 1973లో, ఆరేళ్ళ వయసులో, బ్రిటిష్ కొలంబియాలో విలియమ్స్ లేక్ దగ్గరి సెయింట్ జోసెఫ్స్ మిషన్ బడికి వెళ్ళేటప్పుడు అమ్మమ్మ కొనిచ్చిన కొత్త నారింజ చొక్కా వేసుకుని వెళ్ళారు. మొదటిరోజే దాన్ని విప్పించేసి తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. 2013లో ఆమె చెప్పిన ఆ ముచ్చట నుంచే ఆరెంజ్ షర్ట్ డే పుట్టింది. పిల్లల్ని బడులకు ఎక్కించుకుపోయే కాలం అదే గనక సెప్టెంబర్ చివరను ఎంచుకున్నారు.

ఈ రెండు రోజుల మధ్య ఎంపికే బిల్లు చరిత్రంతా.

2017లో జార్జినా జోలిబోయిస్ అనే ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) ఎంపీ సీ-369 పేరుతో ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టారు. ఆవిడ ఉత్తర సస్కాచెవాన్‌లోని లా లోష్‌కు మేయరుగా చేసిన డెనే (ఒక ఫస్ట్ నేషన్స్ తెగ) మహిళ. బిల్లు మొదటి రూపంలో అడిగింది జూన్ 21నే. కమిటీకి వెళ్ళాక తారీఖు మారిపోయింది. రెసిడెన్షియల్ బడుల చరిత్రను విచారించిన సత్యం, సయోధ్యల కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో (సిఫారసుల్లో) 80వది, బడుల బాధితుల్ని, వాళ్ళ కుటుంబాల్ని గౌరవించే చట్టబద్ధమైన సెలవు కావాలని కోరింది. అది అడిగింది జ్ఞాపక దినం, వేడుక దినం కాదు. అందుకని బిల్లును సెప్టెంబర్ 30కి తిప్పారు. 2019 మార్చిలో దిగువ సభ అయిన కామన్స్ దాటింది, సెనేట్‌లో ఇరుక్కుంది. ఆ ఏడాది ఎన్నికలకని పార్లమెంటును రద్దు చేయడంతో అక్కడే పోయింది. రద్దు తర్వాత బిల్లు కొనసాగదు. ఎంత దూరం వచ్చినా కొత్త సభలో మళ్ళీ మొదటి పఠనం నుంచి మొదలెట్టాల్సిందే.

తర్వాతి బిల్లు ప్రభుత్వమే తెచ్చింది. 2020 సెప్టెంబర్ 29న, ఆరెంజ్ షర్ట్ డేకి ఒక్క రోజు ముందు, వారసత్వ శాఖ మంత్రి స్టీవెన్ గిల్‌బో సీ-5ను ప్రవేశపెట్టారు. ఎనిమిది నెలలపాటు అది నత్తనడక నడిచింది. 2021 మే 27న కామ్‌లూప్స్‌లోని పాత రెసిడెన్షియల్ బడి ఆవరణలో, నేలలోకి రాడార్ తరంగాలు పంపి చేసిన వెతుకులాటలో 215 సమాధులుగా భావిస్తున్న చోట్లు కనిపించాయని టికెమ్లూప్స్ తె సెక్వెపెమ్క్ ఫస్ట్ నేషన్ ప్రకటించింది. మర్నాడే, మే 28న, కామన్స్ సభ మిగిలిన దశలన్నీ ఒక్కరోజులో ఏకగ్రీవంగా దాటించింది. జూన్ 3న సెనేట్ ఆమోదమూ, రాజామోదమూ ఒకేరోజు వచ్చాయి. ఆగస్టు 3న చట్టం అమల్లోకొచ్చింది. మూడేళ్ళకు పైగా కదలని ఆలోచన ఆ ఒక్క వారంలో ఎలా కదిలిందో, అంతకుముందు ఎందుకు కదల్లేదో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

నా మట్టుకు, సెప్టెంబర్ 30 ఎంపిక సరైనదే. అయితే దానివల్ల జోలిబోయిస్ మొదట అడిగింది తీరిపోయినట్టు కాదు. బతికున్నవాళ్ళ పండుగ వేరు, చనిపోయినవాళ్ళ కోసం మౌనం వేరు. రెండింటికీ సెలవివ్వడం కుదరదనడానికి లేదు, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, యూకాన్ రెండూ ఇస్తున్నాయి.

ఇక అసలు కథ. సీ-5 పొడవాటి పేరు చదివితే చాలు, చట్టం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. "సెలవు చట్టం" అనేది వేరే పుట్టలేదు. ఉన్న మూడు పాత చట్టాల్లో సెలవుల జాబితా దగ్గర ఒక్కొక్క పంక్తి చేర్చారు, అంతే.

మొదటిది బిల్స్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ చట్టం. చెక్కులు, ప్రామిసరీ నోట్లు గడువు తీరే రోజు సెలవైతే మర్నాటి పనిదినానికి జరుగుతాయి. ఆ జాబితాలోకి సెప్టెంబర్ 30 ఎక్కింది. రెండోది ఇంటర్‌ప్రిటేషన్ చట్టం. ఫెడరల్ (కేంద్ర) చట్టాల్లో ఎక్కడ "సెలవు" అన్న మాట వచ్చినా దానికి అర్థం చెప్పేది ఇదే. ఏదైనా ఫెడరల్ గడువు సెలవు రోజున ముగిస్తే ఆ పని సెలవు కాని తర్వాతి రోజు చేసినా చెల్లుతుంది. మూడోది కెనడా లేబర్ కోడ్, జీతంతో సంబంధమున్నది ఇదొక్కటే. అందులో సాధారణ సెలవులు అప్పటిదాకా తొమ్మిది, సెప్టెంబర్ 30తో పది.

తికమక ఇక్కడే. లేబర్ కోడ్ వర్తించేది కొన్ని రంగాలకే: బ్యాంకులు, విమానయానం, రైల్వే, ఓడరేవులు, టెలికాం, రేడియో, టీవీ, ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రానికో అమెరికాకో వెళ్ళే ట్రక్కులు, కెనడా పోస్ట్ లాంటి ప్రభుత్వ సంస్థలు. దేశంలోని ఉద్యోగుల్లో ఇది సుమారు 6 శాతం. ఫెడరల్ ప్రభుత్వోద్యోగులకు సెలవు వేరే దారిలో వచ్చింది. "పార్లమెంటు చట్టంతో జాతీయ సెలవుగా ప్రకటించిన అదనపు రోజు" అన్న వాక్యం వాళ్ళ యూనియన్ ఒప్పందాల్లో ముందునుంచే ఉంది. కాబట్టి కొత్తగా బేరం ఆడకుండానే దక్కింది. మిగతా అందరి సెలవులు రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి, ఒట్టావా, అంటే ఫెడరల్ ప్రభుత్వం, వాటి జోలికి పోలేదు.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది రెండు చోట్ల. "మా కంపెనీ ఫెడరల్‌గా రిజిస్టరైంది కాబట్టి మాకూ వర్తిస్తుంది" అనుకోవడం ఒకటి. కంపెనీని ఏ చట్టం కింద రిజిస్టరు చేశారన్నది లెక్కలోకి రాదు, అది చేసే వ్యాపారం ఏమిటన్నదే లెక్క. ఫెడరల్‌గా రిజిస్టరైన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒంటారియోలో ఉంటే ఒంటారియో చట్టమే. రెండోది, మెడలో బ్యాంకు బ్యాడ్జీ ఉంటే బ్యాంకు ఉద్యోగి అయిపోయామనుకోవడం. కన్సల్టెన్సీ తరఫున బ్యాంకు ప్రాజెక్టులో కూర్చుంటే మీ యజమాని కన్సల్టెన్సీ. ఆ రోజు క్లయింట్ మేనేజర్ రాడు, మీటింగులు ఉండవు, అయినా మీ టైమ్‌షీటులో అది మామూలు పనిదినమే కావచ్చు. సొంత కార్పొరేషన్ పెట్టుకుని గంటల లెక్కన బిల్లు వేసేవాళ్ళకైతే ఇంకా చేదు. క్లయింట్ మూసేస్తే ఆ రోజు ఇన్వాయిసులో సున్నా, మీకు సెలవు జీతం ఇచ్చే యజమాని మీరే. క్రెడిట్ యూనియన్లు చూడటానికి బ్యాంకుల్లాగే ఉంటాయి గానీ మామూలుగా రాష్ట్ర చట్టం కిందకే వస్తాయి. విమానాశ్రయంలో విమానం నడిపేవాళ్ళు ఫెడరల్, అదే విమానాశ్రయంలో కాఫీ అమ్మేవాళ్ళు కాదు.

ఫెడరల్ లెక్క ఇలా ఉంటుంది. సెలవు పడే వారానికి ముందు నాలుగు వారాల జీతం తీసుకోవాలి, ఓవర్‌టైమ్ వదిలేయాలి, అందులో 20వ వంతు సెలవు జీతం. గంటకు 30 డాలర్లు, వారానికి 40 గంటలు చేసేవాళ్ళకు నాలుగు వారాల్లో 4,800 డాలర్లు వస్తాయి. దాన్ని 20తో భాగిస్తే 240, అంటే సరిగ్గా ఎనిమిది గంటల జీతం. గంటకు 20 డాలర్ల మీద వారానికి 20 గంటలే చేసే పార్ట్ టైమ్ విద్యార్థికి 1,600లో 20వ వంతు, 80 డాలర్లు. అతనికి ఆ రోజు షిఫ్టు లేకపోయినా ఆ 80 రావాలి. చాలా పే స్టబ్‌లలో (జీతం చీటీల్లో) తప్పిపోయేది ఇదే. పూర్తి సమయం ఉద్యోగి జీతంలో సెలవు కలిసిపోయి ఉంటుంది గనక లోటు తెలియదు, గంటల జీతగాడికి ఆ పంక్తి విడిగా కనబడాలి. ఆ రోజు పనిచేయిస్తే గంటకు ఒకటిన్నర రెట్లు, దానిమీద సెలవు జీతం. పై 30 డాలర్ల మనిషి ఎనిమిది గంటలు చేస్తే 360, ప్లస్ 240, మొత్తం 600. విమానాలు, రైళ్ళలా ఆగకుండా నడిచే చోట్ల దీనికి బదులు ఇంకో రోజు జీతంతో సెలవివ్వచ్చు. చేరిన 30 రోజులదాకా సెలవు జీతం లేదన్న పాత నియమం ఫెడరల్ కోడ్‌లో 2019లోనే పోయింది, ఇంకా అదే పట్టుకు వేలాడే హెచ్‌ఆర్‌లు ఉంటే గుర్తుచేయండి. సెప్టెంబర్ 30 మీకు పనిలేని శనివారమో ఆదివారమో పడితే, దానికి ముందో వెనకో ఉన్న పనిదినం సెలవుగా రావాలి.

రాష్ట్రాల్లో బ్రిటిష్ కొలంబియా 2023లో సొంత చట్టం చేసింది, దాంతో అక్కడి స్టాట్ సెలవులు 11 అయ్యాయి. వాంకూవర్ వాళ్ళు చెప్పే "డబుల్ పే" లెక్క ఇది: ఆ రోజు పనిచేస్తే మొదటి 12 గంటలకు ఒకటిన్నర రెట్లు, 12 దాటాకే రెండు రెట్లు, వీటితోపాటు సగటు రోజు జీతం. సగటు రోజు జీతమంటే సెలవుకు ముందు 30 రోజుల్లో వచ్చిన జీతాన్ని పనిచేసిన రోజులతో భాగించడం. 20 రోజులకు 3,600 డాలర్లు వస్తే 180. ఎనిమిది గంటలు చేస్తే గంటకు 22.50 ఒకటిన్నర రెట్లతో 270, దానికి 180 కలిపి 450. మామూలు రోజు జీతానికి ఇది రెండు కాదు, రెండున్నర రెట్లు.

దీనికి ఒక గేటు ఉంది. ఉద్యోగంలో చేరి 30 రోజులు కావాలి, సెలవుకు ముందు 30 రోజుల్లో కనీసం 15 రోజులు పనిచేసో జీతం అందుకునో ఉండాలి. వినాయక చవితికని ఇంటికెళ్ళి జీతంలేని సెలవు మీద మూడు వారాలుండి, సెప్టెంబర్ ఆఖర్లో తిరిగొచ్చినవాళ్ళకు ఈ 15 లెక్క తప్పుతుంది. 14 రోజులున్నా సున్నానే. అదే జీతంతో కూడిన వెకేషన్ అయితే ఆ రోజులు లెక్కలోకొస్తాయి. టికెట్ బుక్ చేసేముందే క్యాలెండర్ చూసుకోవాలి.

మానిటోబాలో 2024 నుంచి ఇది సాధారణ సెలవు, నాలుగు వారాల జీతంలో 5 శాతం. 5 శాతమన్నా 20వ వంతన్నా ఒకటే కదా. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, మూడు ఉత్తర టెరిటరీలు కూడా ఇస్తున్నాయి. ఆల్బర్టా దీన్ని ఐచ్ఛిక సెలవుల జాబితాలో పెట్టింది, అంటే ఇవ్వాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. ఒంటారియో ఉద్యోగ ప్రమాణాల చట్టంలో తొమ్మిది సెలవులే ఉన్నాయి, ఇది లేదు. యుద్ధవీరుల్ని తలచుకునే నవంబర్ 11 కూడా అందులో లేదులెండి, అక్కడ సెలవు రాలేదంటే గౌరవం లేదని మాత్రమే అర్థం చేసుకోనక్కర్లేదు. ఆ రోజు ఒంటారియో ప్రభుత్వ బడులు తెరిచే ఉంటాయి, పిల్లలు నారింజ చొక్కాలతో వెళ్తారు, ఇంట్లో బ్యాంకు ఉద్యోగి సోఫాలో ఉంటాడు.

యూనియన్ ఉన్నచోట చట్టం కన్నా ఒప్పందంలోని పదాలు ముఖ్యం. రాష్ట్ర పరిధిలోని ఆసుపత్రులు, బడులు, మున్సిపాలిటీల ఒప్పందాల్లో చాలాచోట్ల "ప్రభుత్వం ప్రకటించే ఇతర సెలవులు" అన్న వాక్యం ఉంటుంది. ఏ ప్రభుత్వం? "ఫెడరల్ లేదా రాష్ట్ర ప్రభుత్వం" అని రాసి ఉంటే యూనియన్‌కు గట్టి వాదన దొరుకుతుంది. "రాష్ట్ర ప్రభుత్వం" అని మాత్రమే ఉంటే యాజమాన్యానిది పైచేయి. ఇలాంటి వివాదాలు 2021 తర్వాత ఆర్బిట్రేటర్ల దాకా వెళ్ళాయి, ఒప్పందంలోని మాటను బట్టి ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా తేలాయి. "లేదా" అన్న రెండక్షరాలకు ఒక రోజు జీతం విలువ!

తారీఖు గురించి ఇంకొక సంగతి, చిన్న వ్యాపారాలవాళ్ళకు పనికొచ్చేది. సెప్టెంబర్ 30 అంటే నెలాఖరు, త్రైమాసికం ఆఖరు కూడా. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిసే కార్పొరేషన్లు టీ2 (కంపెనీల ఆదాయపన్ను) రిటర్ను దాఖలు చేయాల్సింది ఆరు నెలలకు, అంటే సరిగ్గా ఆ రోజే. నెలనెలా జీఎస్టీ, హెచ్‌ఎస్టీ (అమ్మకపు పన్నులు) కట్టేవాళ్ళకు ఆగస్టు గడువూ అదే. కెనడా రెవెన్యూ ఏజెన్సీ దీన్ని సెలవుగా గుర్తిస్తుంది కనక గడువు తర్వాతి పనిదినానికి జరుగుతుంది. ఈ వెసులుబాటు ఇలాంటి ఫెడరల్ గడువులకే, ఇంటి అద్దెకు కాదు. అక్టోబర్ 1న అద్దె పోవాలంటే బ్యాంకు పనులు 29నే ముగించుకోండి. టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజ్ మాత్రం ఆ రోజు నడుస్తుంది.

ఇండియా నుంచి చదివేవాళ్ళకు ఇదంతా చాదస్తంగా అనిపించొచ్చు. మన దగ్గర సెలవు కోసం బిల్లు అక్కర్లేదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే పబ్లిక్ హాలిడే అయిపోతుంది, రాష్ట్రాలు ఏటా జీవోతో జాబితా విడుదల చేస్తాయి. చెక్కుల చట్టంలో సెలవుల్ని నిర్వచించడమన్న అలవాటు రెండు దేశాలకూ ఇంగ్లీషువాళ్ళ నుంచే వచ్చింది. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి సెలవు కావాలని మన ఏజెన్సీ ప్రాంతాల్లో సంఘాలు అడిగేటప్పుడు, అవి అడుగుతున్నది ఒక జీవోను. బిర్సా ముండా జయంతి నవంబర్ 15ను 2021లో కేంద్రం జనజాతీయ గౌరవ దివస్‌గా ప్రకటించింది. అదీ పేరు పెట్టే ప్రకటనే, లెబ్లాంక్ జూన్ 21కి పెట్టినట్టు. జీవో త్వరగా వస్తుంది, తర్వాతి ఏడాది జాబితాలోంచి అంతే త్వరగా జారిపోగలదు. లేబర్ కోడ్‌లో ఎక్కిన రోజును తీసేయాలంటే మళ్ళీ రెండు సభలూ దాటాలి. సీ-369 పోయిన తీరు చూశాక ఆ కష్టం ఎందుకు పడ్డారో తెలుస్తుంది.

ఫెడరల్ పరిధిలో ఉండి సెలవు జీతం పడకపోతే ముందు పే స్టబ్ తీసి నాలుగు వారాల లెక్క వేసుకోండి, దాంతో పేరోల్‌కు రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లో రోజు చేర్చడం మరిచిపోవడమే కారణమవుతుంది, తర్వాతి జీతంలో సర్దుతారు. సర్దకపోతే ఫెడరల్ ప్రభుత్వ కార్మిక విభాగమైన లేబర్ ప్రోగ్రామ్‌కు ఫిర్యాదు చేయాలి. ఆ జీతం పడాల్సిన రోజు నుంచి ఆరు నెలలు గడువు, అంటే ఇంచుమించు ఏప్రిల్ మొదటి వారం దాకా.